ఫరంగీల గుడి మిద్దె చూపించే బుల్లబ్బాయి

మా గోదావరి వాళ్ల మర్యాద గురించి మీరు వినే ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది. గుమ్మంలో నిలబడి "మీరు పదండి" అంటే "అబ్బే, మీరు పదండి" అనుకుంటూ వడ్డించిన అన్నం చల్లారబెట్టుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. నాకు చిరాకు. ఆ చిరాకు పైకి చూపించినప్పుడల్లా మా తాతమ్మ సత్యనారాయణమ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, బుల్లబ్బాయి సంగతి ఎత్తుకునేది. ఆవిడ పెళ్లయిన మర్నాడు ఆవిడ కళ్ల ముందు జరిగిన సంగతి. చూసినవి చూసినట్టే చెప్పేది. చూడనివి ఇంకా బాగా చెప్పేది.

రాజోలుకి దిగువన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, మొగలిదిబ్బ అని ఒక ఊరుండేది. అక్కడ ఎప్పుడో ఫరంగీ వర్తకులు కట్టిన గుడి ఒకటి ఉంది. మామూలు గుడి కాదు. వాళ్ల మతంలో పెద్ద పాదిరీ పీఠం వేసుకుని కూర్చునే గుడి. పీఠం అంటే చెక్కపని చేసిన పెద్ద కుర్చీ. కుర్చీ ఓడలో వచ్చింది. పాదిరీ రాలేదు. వస్తారు వస్తారని ఇరవై ఏళ్లు కుర్చీ దుమ్ము దులిపి, వర్తకం పడిపోయాక ఫరంగీలు కూడా ఓడెక్కి వెళ్లిపోయారు. వందేళ్లు దాటాక చూస్తే ఊళ్లో కిరస్తానీ ఒక్కడూ లేడు. గుడి ఉంది, కుర్చీ ఉంది. కుర్చీలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

ఆ గుడిని చూసుకునేవాడు బుల్లబ్బాయి. చేపల వేట మీద, పడవల మీద బతికే ఇంటివాడు. ఏభై ఏళ్లు వచ్చి, మీసం నెరిసినా ఊరంతటికీ బుల్లబ్బాయే. ఎవరూ అతన్ని ఆ పనిలో పెట్టలేదు. వేట లేని రోజుల్లో మిద్దె మీదికెక్కి పగుళ్లలో మొలిచిన రావి మొక్కలు పీకేవాడు, ఆల్చిప్పలు కాల్చిన సున్నం కప్పీ మీద తాడేసి పైకి లాక్కుని గోడలకి కొట్టేవాడు. ఆ తెల్లగోడ చూసుకునే పడవలు సముద్రంలోంచి ఏటి మొగలోకి వచ్చేవి. వచ్చిన చుట్టాలకి మిద్దె చూపించడం కూడా అతని పనే. దానికి ప్రతిఫలం ఒక చుట్ట. చుట్ట ఇవ్వకపోయినా చూపించేవాడు.

కోనసీమలో ఎత్తు అంటే కొబ్బరిచెట్టు. కొబ్బరిచెట్టుని అందరూ కిందనుంచి చూస్తారు. పైనుంచి చూడాలంటే ఒక్క ఆ మిద్దె మీదనుంచే చూడాలి. అందుకని అమలాపురం, కొత్తపేటల నుంచి కూడా పడవలు కట్టించుకుని జనం వచ్చేవాళ్లు. మెట్ల కింద చెప్పులు విడిపించి, బుల్లబ్బాయి ముందుగా మిద్దె మీదినుంచి మూడుసార్లు శంఖం ఊదేవాడు. పైన కళ్లున్నాయి, పెరట్లో స్నానాలు చేసే ఆడవాళ్లు లోపలికి వెళ్లండని దాని అర్థం. వాళ్లు వెళ్లేదాకా చుట్టాలని ఉత్తరం వైపు తిప్పి నిలబెట్టేవాడు.

"ఇటు చూడండి బాబుగారూ, అదంతా తవరి కొబ్బరితోటేనండి. ఆకులు ఎలా మెరుస్తన్నాయో చూసేరా? కింద్నుంచి తవరెప్పుడూ చూసుండరు. అటు పడమట అంతర్వేది గోపురం అండి. దక్షిణం వైపు సముద్రం. దాని తరవాత ఏటీ లేదండి. ఫరంగీలు అక్కడ్నించే వచ్చేరంటారు గానీ, నాకు నమ్మకం లేదండి, ఆయ్."

ఇంతా చెప్పి, చివరికి పిట్టగోడ మీద ఒక చోట చెయ్యి పెట్టి ఊరుకునేవాడు. అక్కడ ఏముందని అడిగితే, "ఏం లేదండి, దిగుదాం రండి" అనేవాడు.

అక్కడ ఏముందో ఊరందరికీ తెలుసు. పద్ధెనిమిది వందల ముప్ఫై తొమ్మిదిలో ఉప్పెన వచ్చినప్పుడు పరుగెత్తి ఆ మిద్దె ఎక్కగలిగిన వాళ్లే బతికారు. బుల్లబ్బాయి పిల్లల్ని భుజాన వేసుకుని ఎక్కాడు. వెనక వాళ్లమ్మ పోలమ్మ వస్తోంది. మెట్ల దగ్గరికి అదే సమయానికి ఊరి పెద్దరైతు ఇంటి ఆడవాళ్లు వచ్చారు. పోలమ్మ పక్కకి తప్పుకుని, "తవరు ముందెక్కండమ్మా" అంది. వాళ్లు ఎక్కారు. వాళ్ల వెనక నీళ్లు ఎక్కాయి. పిట్టగోడ మీద చెయ్యి పెట్టిన చోటినుంచే బుల్లబ్బాయి తల్లిని ఆఖరుసారి చూశాడు. ఆ తరువాత అతను ఎవరినీ తిట్టలేదు, ఎవరి దగ్గరా ఏడవలేదు. మిద్దెకి సున్నం కొట్టడం మొదలుపెట్టాడు. సముద్రం మళ్లీ వస్తుంది, ఇది నిలబడి ఉండాలి, అంతే అతని లెక్క.

ధవళేశ్వరం ఆనకట్ట అయ్యాక కోనసీమ అంతా కాలవలు తవ్వడం మొదలైంది. కాలవలకి లాకులు కావాలి, లాకులకి ఇటుకలు కావాలి. మొగలిదిబ్బలో ఎవరూ వాడని ఫరంగీ గుడి ఒకటి ఉందని, దానిలో రెండు లాకులకి సరిపడా ఇటుక ఉందని ఎవరో రాసి పంపారు. ఒక ఇంజినీరు దొర తనిఖీకి బయలుదేరాడు. పాతికేళ్ల కుర్రవాడు, ఎర్రగా ఎండిపోయి ఉన్నాడు. అతని వెంట దుబాసీ ఆనందరావు. ఈయనది ఆలమూరు. దొర ఒక మాటంటే ఈయన నాలుగు మాటలు చేసేవాడు, అందులో మూడు "దయచేసి"లు ఉండేవి.

దొర దగ్గర ఒక కాగితం ఉంది. అందులో ఒక గడి. ఈ కట్టడాన్ని వాడుతున్న జనం ఎందరు అని. దొర ఇల్లు కదలకముందే దాంట్లో పెన్సిలుతో సున్నా చుట్టి తెచ్చుకున్నాడు. పోటు మీద పడవలో వచ్చి, మిద్దె చూసి, సంతకం పెట్టి, ఆటు తియ్యకముందే వెళ్లిపోవాలని అతని ఏర్పాటు.

సరిగ్గా ఆ రోజే మా తాతమ్మ పెళ్లివారు మిద్దె చూడ్డానికి వచ్చారు. ఆవిడ తండ్రి వెంకటరాజు ఆ ఊరి పెద్దరైతు. పోలమ్మ దారి ఇచ్చింది ఈయన తల్లికే. మగపెళ్లివారిది అయినవిల్లి దగ్గర. వియ్యంకుడు మాణిక్యాలరావు బాగా లావుపాటి మనిషి, మర్యాదలో ఎక్కడ లోటు వస్తుందోనని కంగారు పడే మనిషి. వెంకటరాజు అంతకు రెండింతలు కంగారు మనిషి.

పొద్దున్నే బుల్లబ్బాయి దొరని, దుబాసీని మిద్దె ఎక్కించాడు. వాళ్ల వెనకే మగపెళ్లివారు నలభైమంది ఎక్కారు. బుల్లబ్బాయి శంఖం ఊది, అన్నీ చూపించి, ఈసారి పిట్టగోడ దగ్గర ఊరుకోకుండా ఉప్పెన సంగతి కూడా చెప్పాడు. దొర ఓపిగ్గా విని, మంచి ఇటుక, అన్నాడు. ఆనందరావు దాన్ని "దొరగారు చాలా బాధపడుతున్నారు" అని తెలుగు చేశాడు.

అప్పుడే మాణిక్యాలరావుకి దాహం వేసి దిగడం మొదలుపెట్టాడు. అదే సమయానికి వెంకటరాజు స్వయంగా కొబ్బరిబొండం చేతపట్టుకుని వియ్యంకుడి కోసం ఎక్కుతున్నాడు. ఆ మెట్లు డెబ్బై రెండు, గుండ్రంగా తిరుగుతాయి, ఒక మనిషి పట్టేంత వెడల్పు. నలభయ్యో మెట్టు మీద, తలుపుల్లేని పెద్ద కిటికీ ఒకటి ఉన్నచోట, ఇద్దరూ ఎదురుపడ్డారు.

"బావగారూ! తవరు దిగుతున్నారా? దయచెయ్యండి, దయచెయ్యండి."

"మీరు ఎక్కుతున్నారు కదండీ బావగారూ, ముందు మీరు కానివ్వండి."

"అబ్బెబ్బే! ఆడపిల్ల తండ్రినండి, మీ దారికి అడ్డం రావడమే తప్పు నాది."

"తప్పేటండీ, దాహం తీర్చడానికి వచ్చేరు. నేను పైకి పోతానుండండి."

"అంత మాటనకండి! పెళ్లివారిని వెనక్కి తిప్పి పంపేనంటే నలుగురూ నా మొహాన ఉమ్మరాండీ?"

"అయితే మీరు దిగండి, మీ వెనకాలే వస్తాను."

"తవరికి వీపు చూపించి, తవరికంటే ముందు నడవమంటారా? ప్రాణం పోయినా నావల్ల కాదండి."

ఇందులో నవ్వులాట ఏమీ లేదు. ఒక్కో మాటా నిజంగానే కాదనలేనిది. ఈలోగా మాణిక్యాలరావు వెనక అతని తమ్ముళ్లు, మేనమామలు దిగి వరసగా నిలబడిపోయారు. వెంకటరాజు వెనక బొండాలు పట్టుకుని ఆడపెళ్లివారు పాతికమంది ఎక్కి నిలబడిపోయారు. ఎవరు కదలాలన్నా వెనకున్నవాణ్ణి వెనక్కి పొమ్మనాలి. చుట్టాన్ని వెనక్కి పొమ్మనే మనిషి ఆ మెట్ల మీద ఒక్కడూ లేడు. మెట్లదారి బిరడా బిగించిన సీసాలా అయిపోయింది.

గంట గడిచింది. దొర గడియారం చూసుకుని, మెట్ల దగ్గరికొచ్చి, లోపలికి గట్టిగా ఏదో అరిచాడు. అది చాలా చిన్న మాట. ఆనందరావు వంగి చీకట్లోకి దాన్ని అందించాడు.

"అయ్యా, దొరగారు మీ ఉభయుల క్షేమం అడుగుతున్నారండీ. తవరికి వీలైనప్పుడు, తొందరేం లేకపోతేనే, దయచేసి కాస్త..."

"మాకేం తొందర లేదండీ," అని లోపలినుంచి జవాబు వచ్చింది. "దొరగారు దిగుతారా? అయితే ముందు ఆయనే దిగాలండి. మేం తరవాతండి."

దొర రెండు మెట్లు దిగాడు. మాణిక్యాలరావు మేనమామ వీపు తగిలింది. ఆ మేనమామ దొరకి దారి ఇవ్వలేకపోయినందుకు క్షమించమని, ఉన్నచోటినుంచే చేతులు జోడించాడు. దొర మళ్లీ పైకి వచ్చాడు. కింద ఆటు తీసింది. అతని పడవ నెమ్మదిగా పక్కకి ఒరిగి బురదలో కూర్చుంది. అది కూడా పైనుంచి బాగా కనిపించింది.

మధ్యాహ్నానికి పెళ్లివంటలు పైకి రావలసి వచ్చాయి. బుల్లబ్బాయి భార్య పైడమ్మ కిందనుంచి గంపలు కట్టడం, బుల్లబ్బాయి పైనుంచి సున్నం కప్పీ మీద లాగడం. పులిహోర, పనసపొట్టు కూర, బూరెలు. కిటికీ దగ్గర ఆపి మెట్ల మీదివాళ్లకి కూడా అందించారు. వియ్యంకులిద్దరి దగ్గరా ఆకు ఉంది, ఎవరూ ముందు ముద్ద ఎత్తలేదు. చివరికి బుల్లబ్బాయి పైనుంచి "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడితే ఇద్దరూ ఒకేసారి నోట్లో పెట్టుకున్నారు. దొర ఏడు బూరెలు తిన్నాడు. చెయ్యడానికి ఇంకేం లేక బుల్లబ్బాయి మిద్దె మరో రెండుసార్లు చూపించాడు. మూడోసారి అతను చెయ్యి చాచకముందే దొర "అంతర్వేది" అన్నాడు.

పొద్దు వాలుతోంది. పెళ్లికొడుకు పిట్టగోడ నీడలో నిద్రపోతున్నాడు. ముసలమ్మలు తమలపాకులు పరుచుకున్నారు. అప్పుడు బుల్లబ్బాయి ఆనందరావు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబుగారూ, దొరగారి కాయితంలో జనం ఎంతమందని రాసేరో కాస్త అడుగుతారాండీ?"

ఆనందరావు అడగక్కర్లేకుండానే చూశాడు. "సున్నా అని ఉంది."

"మరి మేవంతా ఎవరవండీ?"

ఆనందరావు తన ఉద్యోగంలో మొదటిసారి ఒక మాటని ఉన్నదున్నట్టుగా ఇంగ్లీషు చేశాడు. దొర కోపిష్టే గానీ అబద్ధం రాసేవాడు కాదు. లేచి జనాన్ని లెక్కపెట్టాడు. మెట్ల మీదివాళ్లని పేరుపేరునా పలకమంటే, ఎవరికివారు "ముందు వారిని లెక్కపెట్టండి" అనడంతో ఇంకో అరగంట పట్టింది. అరవై ఎనిమిదిమంది తేలారు. తమరిని, నన్ను కూడా కలపమంటారా అని ఆనందరావు వినయంగా అడిగాడు. దొర సున్నా కొట్టేసి డెబ్బై అని రాశాడు. కింద ఇలా చేర్చాడు: "తనిఖీ సమయంలో కట్టడం నిండా జనం ఉన్నారు. ఖాళీ చేయించడం సాధ్యపడలేదు." సంతకం పెట్టాడు.

సిరా ఆరేదాకా చూసి బుల్లబ్బాయి తల గోక్కున్నాడు.

"ఒక ఉపాయం తోస్తందండి, ఆయ్."

పైడమ్మ కింద పీఠం మీది కోడిని అదిలించి, పీఠాన్ని తాడుకి కట్టింది. బుల్లబ్బాయి, మరో పదిమంది లాగితే పాదిరీ కుర్చీ గోడ వెంబడి లేచి కిటికీ దగ్గర ఆగింది. ఇద్దరు మేనమామలు తోస్తే మాణిక్యాలరావు కిటికీలోంచి దానిలోకి దూరాడు. బుల్లబ్బాయి మళ్లీ ఒకటి, రెండు, మూడు అన్నాడు. మూడు అనగానే కుర్చీ కిందికి దిగింది, మేనమామల వరసతో పాటు వెంకటరాజు పైకి ఎక్కాడు. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు. గాలిలో ఊగుతూ, చేతులు జోడించి, కళ్లు మూసుకుని దిగుతున్న మాణిక్యాలరావుని చూసి, కింద ఆడవాళ్లు అలవాటు కొద్దీ హారతి ఇచ్చేశారు. అన్నేళ్లకి ఆ పీఠం మీద ఒక మనిషి కూర్చున్నాడు.

దొర రాత్రి పోటుకి వెళ్లిపోయాడు. ఇటుకల కోసం మళ్లీ ఎవరూ రాలేదు.

"ఈ కుర్చీ సంగతి నీకు ఎప్పుడు తోచింది?" అని పైడమ్మ మొగుణ్ణి అడిగింది.

"పొద్దున్నే తోచిందే," అన్నాడు బుల్లబ్బాయి. అని, ఉప్పెన తరువాత మొదటిసారి, భార్య ఒడిలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఇల్లు నిలబడిన మనిషి ఏడ్చినట్టు ఏడ్చాడని పైడమ్మ తరువాత మా తాతమ్మతో చెప్పింది.

కానీ ఆ రోజునుంచి అతను మిద్దె చూపించే పద్ధతి మార్చేశాడు. మెట్ల కింద నిలబడి, "చెప్పులతో పాటు మర్యాద కూడా ఇక్కడే విప్పెయ్యండి బాబూ. ముందు ఎవరొత్తే వాళ్లే ఎక్కాలి. కాదన్నవాళ్లకి చూపించనండి," అనేవాడు. జనం నొచ్చుకున్నారు. వెంకటరాజు అయితే ఆరు నెలలు అతనితో మాట్లాడలేదు. అయినా చూడాలంటే ఉన్నది ఆ ఒక్క మిద్దే కాబట్టి, పదేళ్లలో పిల్లాజెల్లాతో సహా ఊరంతటికీ అలా ఎక్కడం అలవాటయింది.

పదకొండో ఏట, కార్తీకంలో, ఒక మిట్టమధ్యాహ్నం శంఖం మోగింది. ఆ గాలివానలో చుట్టాలెవరూ మిద్దె చూడ్డానికి రాలేదని ప్రతి ఇంటికీ తెలుసు. అయినా మోగుతూనే ఉంది, మూడుతో ఆగలేదు. మిద్దె మీదినుంచి అతనికి సముద్రం కనిపించింది, ఉండాల్సిన చోట లేదు. ఊరంతా గుడివైపు పరుగెత్తింది. మెట్ల కింద బుల్లబ్బాయి నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి తోస్తున్నాడు. ఆ హడావిడిలో కూడా కొందరు చెప్పులు విప్పారట. మర్యాద మాత్రం అందరూ విప్పారు, ఒక్క వెంకటరాజు తప్ప.

ఆయన మెట్ల దగ్గరికి వచ్చి, వెనక తడిసి వణుకుతున్న, చేపలు పట్టే పల్లెవాళ్ల ఆడవాళ్లని చూసి, గుమ్మంలోనే ఒక పక్కకి ఒదిగి నిలబడ్డాడు.

"పోలమ్మ మా అమ్మకి దారి ఇచ్చింది. ఈసారి మీరు ముందెక్కాలి. మీరెక్కితేనే గానీ నేనెక్కను," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. మంచి మాటే. ఇరవై అయిదేళ్లుగా మనసులో పెట్టుకున్న మాట. కానీ ఆ మాట చెప్పినంతసేపూ మెట్లు ఖాళీగా ఉన్నాయి, నీళ్లు మోకాళ్లకి వచ్చాయి.

బుల్లబ్బాయి ఆయన చెంప మీద ఒక్కటి కొట్టాడు. మెడ పట్టుకుని మెట్ల మీదికి తోశాడు. ఆ వెనక ఆడవాళ్లని తోశాడు, పైడమ్మని తోశాడు. ఎవరూ లేరని మూడుసార్లు కేకేసి చూసుకుని, గుండెల లోతు నీళ్లలోంచి ఆఖరున తనెక్కాడు. సాయంత్రానికి మొగలిదిబ్బలో ఇల్లన్నది మిగల్లేదు. మిద్దె మీద మూడు వందల పైచిలుకు మనుషులు మిగిలారు. వాళ్లలో పురిటికి పుట్టింటికొచ్చిన మా తాతమ్మ ఉంది. ఆవిడ కడుపులో మా తాతగారున్నారు.

బుల్లబ్బాయి ఆ తరువాత ఆరేళ్లు బతికి, జ్వరం వచ్చి, తన చాప మీద తను పోయాడు. ఏటి గట్టుకి తీసుకెళ్లే దారి చేల మధ్య సన్నటి గట్టు, ఇద్దరు పక్కపక్కన నడవలేరు. పాడె సగం దారిలో ఉండగా ఎదురుగా వెంకటరాజు కర్ర పట్టుకుని వస్తున్నాడు. కబురు ఆలస్యంగా అంది, చూడ్డానికి వస్తున్నాడు. ఆయన్ని చూడగానే మోసేవాళ్లు తరతరాల అలవాటు కొద్దీ ఆగి, పాడెతో సహా బురదలోకి దిగబోయారు.

"తవరెళ్లండి బాబుగారూ," అన్నారు.

ఈ వేళ ఈ శవం ఇక కదలదని అందరూ అనుకున్నారని మా తాతమ్మ అనేది. కానీ వెంకటరాజు అప్పటికే చెప్పులు విప్పేశాడు. గట్టు దిగి, నాట్లు ఊడ్చిన చేలో మోకాలి లోతు బురదలో నిలబడి, చేతులు జోడించాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంటివాళ్లెవరినీ ఆయన అలా పిలవలేదు.

"మీరే ముందండీ, బుల్లబ్బాయిగారూ."

పాడె ముందు వెళ్లింది.